వంత పాడే హాలు



వేదిక మీద ఒక్క మనిషి. చేతిలో మైకు, పక్కన ఎత్తు స్టూలు, దాని మీద మంచినీళ్ల సీసా. గంటసేపు ఆ మనిషి మాట్లాడుతూ ఉంటే హాలంతా నవ్వుతూ ఉంటుంది. ఆ గంటను కెమెరాలతో పట్టి టీవీకో, సినిమాహాలుకో, ఇప్పుడైతే అరచేతిలోని ఫోనుకో పంపిస్తే దాన్ని స్టాండప్ స్పెషల్ అంటారు. అమెరికాలో హెచ్‌బీఓ అనే కేబుల్ చానల్ 1975 చివర్లో కమెడియన్ రాబర్ట్ క్లైన్ ఒక కాలేజీలో ఇచ్చిన ప్రదర్శనను ప్రసారం చేసింది. ఈ తరహా కార్యక్రమాలు అక్కడినుంచే ఊపందుకున్నాయి. అంతకుముందు టీవీలో కమెడియన్‌కు దొరికేది ఇంకొకరి కార్యక్రమంలో ఐదారు నిమిషాల చోటు. మన దేశంలో 2017లో ఒక్కసారిగా తలుపులు తెరుచుకున్నాయి. వీర్ దాస్, జాకిర్ ఖాన్, బిస్వ కల్యాణ్ రథ్, అదితి మిత్తల్, చెన్నై నుంచి అరవింద్ ఎస్‌.ఏ., వీళ్లంతా ఆ ఒక్క ఏడాదిలోనే నెట్‌ఫ్లిక్స్, అమెజాన్ ప్రైమ్‌ల ద్వారా మన ఇళ్లలోకి వచ్చారు.

ఈ స్పెషల్స్‌ను నేను ప్రేక్షకుడిగా చూస్తాను. నేర్చుకునేవాడిగా కూడా చూస్తాను. పగలు ఉద్యోగం, వీలైన సాయంత్రం ఓపెన్ మైక్. ఓపెన్ మైక్ అంటే తెలియనివారి కోసం చెబుతాను. పేరు రాయించుకున్న ఎవరికైనా నాలుగైదు నిమిషాలు మైకు ఇచ్చే చిన్న సభ అది. పేరున్నవాళ్లు ఉంటారు, ఆ రోజే మొదటిసారి ఎక్కేవాళ్లూ ఉంటారు. అలా ఎక్కే తెలుగు పిల్లలు ఇప్పుడు చాలామందే ఉన్నారు. సంగీతానికి, నాట్యానికి ఉన్నట్టు దీనికి వీధివీధినా గురువులు లేరు. చేతికి అందేది స్పెషల్సే. అందుకే వాటిని ఎలా చూడాలన్నది మాకు చిన్న ప్రశ్న కాదు.

నా పద్ధతి చెబుతాను. మొదటిసారి అందరిలాగే చూడాలి. కాగితం, కలం దగ్గరికి రానీయకూడదు. నవ్వొస్తే నవ్వాలి. నవ్వకుండా పరిశీలించేవాడికి అసలు ఏం జరిగిందో తెలియదు. రెండోసారి మాత్రం తెర వైపు చూడకూడదు. ఫోను బోర్లా పెట్టి వినాలి. ఒక తెల్ల కాగితం తీసుకుని చిన్న నవ్వు వినబడితే చిన్న గీత, పెద్ద నవ్వుకు పెద్ద గీత, చప్పట్లకు చుక్క పెట్టుకుంటూ పోవాలి. గంట అయ్యేసరికి ఆ కాగితం మీద ఒక ఆకారం కనిపిస్తుంది. మొదటి ఐదు నిమిషాల్లో చిన్న గీతలు దగ్గరదగ్గరగా ఉంటాయి. కమెడియన్ హాలును తనవైపు తిప్పుకుంటున్న సమయమది. మధ్యలో గీతలు పలచబడతాయి. అన్నిటికన్నా పెద్ద గీతకు ముందు తరచూ ఒక ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో నవ్వు లేదు, చప్పట్లు లేవు, మాట మాత్రమే ఉంది. కొన్నిసార్లు అదీ లేదు. నేర్చుకునేవాడు ఎక్కువసేపు ఆగాల్సింది ఆ ఖాళీ దగ్గరే. అంతమందిని అంతసేపు నవ్వకుండా కూర్చోబెట్టగలిగే నమ్మకం ఆ మనిషికి ఎక్కడినుంచి వచ్చింది?

దీనికి నల్లజాతి అమెరికన్ కమెడియన్ రిచర్డ్ ప్రయర్‌ను మించిన ఉదాహరణ నాకు తెలియదు. 1978 డిసెంబరులో కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో అతను ఇచ్చిన ప్రదర్శనను సినిమాగా తీసి 1979లో థియేటర్లలో విడుదల చేశారు. పేరు ‘లైవ్ ఇన్ కాన్సర్ట్’. విరామం తర్వాత జనం ఇంకా సీట్లు వెతుక్కుంటూనే ఉన్నారు. వాళ్లు కుదురుకునేదాకా అతను ఆగలేదు. నేరుగా వచ్చి, ఆలస్యంగా తిరిగొచ్చిన తెల్లవాళ్లకు తమ సీట్లలో నల్లవాళ్లు కనిపిస్తే ఎలా ఉంటుందో ఆడి చూపించాడు. అది ఆ నిమిషంలో ఆ హాలులో జరుగుతున్న సంగతి. దాన్ని వదిలేసి కంఠస్థం చేసుకొచ్చింది మొదలుపెట్టి ఉంటే తర్వాతి గంట అంత ఎత్తుకు వెళ్లేది కాదని నా నమ్మకం.

ఆ ప్రదర్శనలో గుండెపోటు ఘట్టం ఉంది. ప్రయర్‌కు 1977లో నిజంగానే గుండెపోటు వచ్చింది. వేదిక మీద అతను తన గుండెకు ఒక గొంతు ఇస్తాడు. ఆ గుండె దబాయిస్తుంది, ఊపిరి తీయొద్దని ఆజ్ఞాపిస్తుంది. ఇతను ఒక మోకాలి మీద కూలబడతాడు. గుండెకు తెలియకుండా దేవుడికి మొర పెట్టుకోబోతాడు, గుండె పసిగట్టి మరింత మండిపడుతుంది. మనిషి నేల మీద పడి మెలికలు తిరుగుతుంటే హాలు పగలబడి నవ్వుతుంది. ఇంకోచోట తాను పెంచుకున్న కోతులు చచ్చిపోయి ఏడుస్తుంటే, పక్కింటి పెద్ద కుక్క కంచె దూకి వచ్చి ఓదారుస్తుంది. ఓదార్చి వెళ్తూ వెళ్తూ, రేపటినుంచి మళ్లీ నీ వెంటపడతానని గుర్తు చేస్తుంది. కుక్కకు అతను ఇచ్చిన ముఖం చూసి తీరాలి. ఇక్కడ మాత్రం తెర వైపు చూడకూడదన్న నా నియమం పనికిరాదు. వేషం లేదు, రంగస్థల సామగ్రి లేదు. చావు భయం, దుఃఖం, వాటి మధ్య నవ్వు. ఇలాంటి ఘట్టం చూసినప్పుడు నేర్చుకునేవాడు తనను తాను ఒక ప్రశ్న అడగాలి: నేను ఇప్పటిదాకా ఎవరికీ చెప్పడానికి ఇష్టపడని భయం ఏది? మంచి ఐదు నిమిషాలు ఎక్కువసార్లు అక్కడే దొరుకుతాయి.

ఇక ఎదుట కూర్చున్నవాళ్ల సంగతి. మన బుర్రకథ గుర్తు తెచ్చుకోండి. కథకుడు ఒక్కడే ఉండడు. పక్కన ఇద్దరు వంతలు. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. కథకుడు చెప్పిన మాటను అందుకుని ప్రశ్నిస్తారు, ఆశ్చర్యపోతారు, జనం మనసులో ఉన్న సందేహాన్ని పైకి అంటారు. షేక్ నాజర్ లాంటి మహా కథకుడికి కూడా ఆ వంత కావాలి. స్టాండప్ కమెడియన్‌కు పక్కన ఎవరూ ఉండరు. అతనికి వంత పాడేది హాలే. నవ్వు ఒక జవాబు. నవ్వకపోవడమూ ఒక జవాబే. ఆ జవాబు విని తర్వాతి మాటను ముందుకు జరిపేవాడు, వెనక్కి లాగేవాడు, మింగేసేవాడు కమెడియన్. స్పెషల్స్‌ను ఇంత శ్రద్ధగా వినమని నేను బతిమాలుకునేది దీనికోసమే. జోకులు ఎవరైనా రాసుకోగలరు. హాలును వినడం మాత్రం వినేవాళ్లను చూసే నేర్చుకోవాలి.

వంత లేకపోతే ఏమవుతుందో కూడా స్పెషల్స్ చూపించాయి. కమెడియన్ మరియా బామ్‌ఫర్డ్ 2012లో తన ఇంట్లోనే ఒక స్పెషల్ చేసింది. ప్రేక్షకులు ఇద్దరే, వాళ్ల అమ్మా నాన్నా. సోఫాలో కూర్చున్న ఆ ఇద్దరి ముందు తన మానసిక అనారోగ్యం గురించి, వాళ్ల గురించి కూడా ఆమె మాట్లాడుతుంది. ఇంకో కమెడియన్ నార్మ్ మెక్‌డొనాల్డ్ మరో అడుగు ముందుకు వేశాడు. క్యాన్సర్‌తో ఉన్న ఆ మనిషి 2020లో తన ఇంట్లో కెమెరా ముందు కూర్చుని, ఎదుట ఒక్కరు కూడా లేకుండా, తన మెటీరియల్ అంతా చెప్పి రికార్డు చేయించాడు. 2021లో ఆయన పోయాక, 2022లో అది బయటికి వచ్చింది. చూస్తుంటే, నవ్వు రావలసిన ప్రతిచోటా మన గదిలోని నిశ్శబ్దం మనకు వినబడుతుంది. ఆయన మాత్రం ఆ లేని నవ్వుకు చోటు వదులుతూనే ఉంటాడు. కొన్ని దశాబ్దాలుగా హాళ్లను వింటూ వచ్చిన మనిషికి అది ఒంట్లో ఇంకిపోయింది. టైమింగ్ అంటే ఏమిటని ఎవరైనా కొత్తవాళ్లు అడిగితే నేను ఆ స్పెషల్ పేరే చెబుతాను. దాని పేరు ‘నథింగ్ స్పెషల్’.

ఇప్పుడు ఇంకో వైపు చూద్దాం. వేదిక మీద మాటలు అప్పటికప్పుడు పుట్టినట్టే ఉంటాయి. స్నేహితుడు టీ కొట్టు దగ్గర చెబుతున్నంత తేలికగా ఉంటాయి. అది ఎంత చెక్కితే వచ్చిన తేలికో తెలియాలంటే అమెరికన్ కమెడియన్ క్రిస్ రాక్ 2008లో హెచ్‌బీఓకు చేసిన ‘కిల్ ది మెసెంజర్’ చూడాలి. దాన్ని మూడు నగరాల్లో చిత్రీకరించారు. లండన్, జొహానెస్‌బర్గ్, న్యూయార్క్. ఎడిటింగ్‌లో ఆ మూడింటినీ కలిపేశారు. ఒక వాక్యం లండన్‌లో మొదలవుతుంది, జొహానెస్‌బర్గ్‌లో సాగుతుంది, న్యూయార్క్‌లో ముగుస్తుంది. బట్టలు మారుతుంటాయి, వేదిక మారుతుంటుంది, మాట మాత్రం తెగదు. అదే పదం, అదే ఒత్తు, అదే అడుగు, అదే ఆగడం. మూడు ఖండాల జనం ఒకే చోట నవ్వుతారు. కొత్తగా రాసేవాళ్లకు ఇంతకన్నా విలువైన చూపు ఇంకొకటి ఉండదనుకుంటాను. ఆ పదం తీసేసి దాని పర్యాయపదం పెడితే నవ్వు పడదని ఆయనకు తెలుసు. ఎన్నో రాత్రులు చిన్న క్లబ్బుల్లో చెప్పి చూసుకున్నాడు గనుకే తెలుసు.

అదే క్రిస్ రాక్ 2023 మార్చిలో బాల్టిమోర్ నుంచి నెట్‌ఫ్లిక్స్‌లో ఒక స్పెషల్‌ను ప్రత్యక్ష ప్రసారం చేశాడు. ఒక కీలకమైన జోకులో ఒక సినిమా పేరుకు బదులు ఇంకో సినిమా పేరు నోట వచ్చింది. సరిదిద్దుకున్నాడు గానీ జోకు ఊపు పోయింది. తర్వాత నెట్‌ఫ్లిక్స్‌లో ఉంచిన ప్రతిలో ఆ తడబాటు తీసేశారు. మామూలు స్పెషల్స్ కోసం సాధారణంగా రెండు మూడు ప్రదర్శనలు తీసి వాటిలో మంచి ముక్కలను అతికిస్తారు. కాబట్టి మనం చూసేది ఒక రాత్రి జరిగింది జరిగినట్టు అయి ఉండకపోవచ్చు. ఈ సంగతి తెలియక ఎంతమంది పిల్లలు మొదటి ఓపెన్ మైక్ తర్వాత ఇక మనకు రాదు అని ఇంటికి వెళ్లిపోతున్నారో! ఏళ్ల తరబడి అరగదీసి, సంకలనం చేసి తెచ్చిన గంటతో తమ మొదటి ఐదు నిమిషాలను పోల్చుకుంటున్నారు. అది అన్యాయమైన పోలిక. దయచేసి ఆ పని చేయకండి.

ఆ వెనుక శ్రమ చూడాలనుకుంటే రెండు చోట్లకు వెళ్లొచ్చు. 2002లో వచ్చిన ‘కమెడియన్’ అనే డాక్యుమెంటరీ ఒకటి. అందులో జెర్రీ సైన్‌ఫెల్డ్ ఉన్నాడు. ప్రపంచంలోకెల్లా ప్రసిద్ధుడైన కమెడియన్లలో ఒకడు. 1998లో తన పాత జోకులన్నీ ఆఖరిసారి చెప్పేసి పక్కన పెట్టి, మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టాడు. చిన్న క్లబ్బులో మధ్యలో మాట మరిచిపోయి నిలబడిపోతాడు. అంత పేరూ ఆ క్షణంలో అక్కరకు రాదు. కొత్త జోకు ముందు అందరూ కొత్తవాళ్లే. ఇక రెండోది వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ వారి అమెరికా చరిత్ర మ్యూజియం. ఫిలిస్ డిల్లర్ అనే కమెడియన్ జోకుల బీరువా అక్కడ ఉంది. ఐదుగురు పిల్లల తల్లి ఆమె. 1955లో, 37 ఏళ్ల వయసులో, శాన్ ఫ్రాన్సిస్కోలోని ఒక క్లబ్బులో మొదటిసారి వృత్తిగా వేదిక ఎక్కింది. జీవితకాలమంతా ఒక్కో జోకును ఒక్కో కార్డు మీద టైపు చేసి, విషయాలవారీగా సొరుగుల్లో పెట్టుకుంది. 50,000కు పైగా కార్డులు. ముప్పై దాటాక ఇప్పుడు మొదలుపెట్టి ఏం లాభం అని అడిగే అక్కలకు, అన్నలకు నేను ఆమె కథ చెబుతాను.

రేడియోలో మాట్లాడుతున్నాను గనుక బాబ్ న్యూహార్ట్‌ను తలుచుకోకుండా ముందుకు వెళ్లలేను. షికాగోలో లెక్కలు రాసుకునే ఉద్యోగం చేసిన మనిషి. 1960లో ఆయన జోకుల గ్రామఫోను రికార్డు వచ్చింది. దానికి ముందు ఆయన నైట్ క్లబ్బులో ప్రదర్శన ఇచ్చి ఎరగడు. ఆ రికార్డుకు ఆ సంవత్సరపు ఉత్తమ ఆల్బమ్‌గా గ్రామీ వచ్చింది, గాయకులందరినీ దాటి. ఫోనులో ఒకవైపు మాటలే మనకు వినిపిస్తాడు. అవతలివాళ్లు ఏమన్నారో మనమే ఊహించుకుని నవ్వుతాం. అంటే సగం జోకు వినేవాడి బుర్రలో తయారవుతుంది. మీ మెటీరియల్‌లో ఎక్కువ వివరిస్తున్నారని అనిపిస్తే దాన్ని ఒక ఫోను సంభాషణగా మార్చి చూడండి. అనవసరమైనవి వాటంతట అవే రాలిపోతాయి.

గంటను కట్టే తీరు గురించి ఒక్కమాట. 2016లో వచ్చిన ‘బేబీ కోబ్రా’ చిత్రీకరణ సమయానికి కమెడియన్ ఆలీ వాంగ్ ఏడు నెలలు దాటిన గర్భంతో ఉంది. బాగా చదువుకున్న మగవాణ్ని తెలివిగా వలలో వేసుకున్నానని గంటసేపు గొప్పలు చెప్పుకుంటుంది. చివర్లో, అతని అప్పు తీర్చింది తానేనని తెలుస్తుంది. మొదట్లో వేసిన విత్తనం ఆఖర్న మొలకెత్తడాన్ని మేము కాల్‌బ్యాక్ అంటాం. ఒక చిన్న మాటనో వస్తువునో మళ్లీ తలపించడం మామూలు కాల్‌బ్యాక్. మొత్తం కథనే తిరగేయడం ఇది. ఐదు నిమిషాల్లో కూడా ఇలా కట్టవచ్చు.

ఇప్పుడు అసలు ప్రమాదం దగ్గరికి వస్తాను. ఎక్కువగా చూసినవాళ్ల గొంతు మనలోకి వచ్చేస్తుంది. ఏ ఓపెన్ మైక్‌కు వెళ్లినా ఇద్దరు ముగ్గురు జాకిర్ ఖాన్ నెమ్మదితనంతో మాట్లాడుతుంటారు, ఇద్దరు బిస్వలా విసుక్కుంటుంటారు. ఇది తప్పేమీ కాదు, ప్రతి కళలోనూ మొదట అనుకరణే. కానీ అక్కడే ఆగకూడదు. జాకిర్ ఖాన్ ఎందుకు అంతమందికి దగ్గరయ్యాడు? ఇందౌర్ కుర్రాడు ఇందౌర్ కుర్రాడిగానే మాట్లాడాడు. ఆయన తాతగారు ఉస్తాద్ మొయినుద్దీన్ ఖాన్ పేరుమోసిన సారంగీ విద్వాంసుడు. 2022లో వచ్చిన ‘తథాస్తు’లో ఆ తాత, ఆ ఇల్లు, ఇంట్లోంచి బయటపడ్డ మనవడు ఉన్నారు. మన మచిలీపట్నం కుర్రాడు ఆ నెమ్మదితనం తీసుకుని ఏం చేస్తాడు? తీసుకోవలసింది, తన ఇంటి గురించి తన మాటలో చెప్పగలిగే ఆ ధైర్యాన్ని.

ఒకే నేల, ఒకే వృత్తి అయినా గొంతులు ఎంత వేరుగా ఉండవచ్చో చూపించే ఇద్దరు మనవాళ్లే ఉన్నారు. హరి కొండబోలు, అపర్ణ నంచర్ల. ఇద్దరూ తెలుగు కుటుంబాల పిల్లలు, అమెరికాలో పుట్టి పెరిగారు. 2012లో మొదలైన ‘టోటల్లీ బయస్డ్’ అనే టీవీ కార్యక్రమానికి ఇద్దరూ రచయితలుగా పనిచేశారు. హరి వాదిస్తాడు. వలస, జాత్యహంకారం, చరిత్ర గురించి గొంతు పెంచి నిలదీస్తాడు. 2018లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన తన స్పెషల్‌కు మీ బంధువులను హెచ్చరించండి అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. అపర్ణ గొంతు పెంచదు. తన ఆందోళన, దిగులు గురించి మెల్లగా, తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు చెబుతుంది. ఇద్దరినీ ఒకే రోజు వినండి. గొంతు అనేది మనిషి స్వభావం నుంచి వస్తుందని ఎవరూ చెప్పనక్కర్లేకుండానే అర్థమవుతుంది.

హరి కొండబోలు చేసిన ఇంకో పని మన తెలుగు హాస్యానికి చాలా అవసరమని నేను అనుకుంటున్నాను. 2017లో ‘ది ప్రాబ్లమ్ విత్ అపు’ అనే డాక్యుమెంటరీ తీశాడు. ‘ది సింప్సన్స్’ కార్టూన్‌లో అపు అనే భారతీయ దుకాణదారు ఉంటాడు. ఆ గొంతు ఇచ్చింది హ్యాంక్ అజారియా అనే తెల్ల నటుడు. ఆ యాసను పట్టుకుని బళ్లో పిల్లలు తమను ఎలా ఏడిపించారో దక్షిణాసియా కళాకారులు ఆ సినిమాలో చెబుతారు. 2020లో ఆ నటుడు ఇక ఆ పాత్రకు గొంతు ఇవ్వనని ప్రకటించాడు. ఇది చూసి మనం అమెరికా మీద కోపం తెచ్చుకుని ఊరుకుంటే సరిపోదు. మన సినిమాలు ఎన్నేళ్లు శ్రీకాకుళం యాసను పనివాళ్లకు, తెలంగాణ యాసను రౌడీలకు పెట్టాయి? నత్తిని, లావును, నలుపును ఎంతకాలం జోకుగా అమ్ముకున్నాం? ఆ జోకులకు హాలు నవ్వుతుంది, నిజమే. అదే హాలులో ఎవరో ఒకరు నవ్వలేక నవ్వుతుంటారు. వినడం నేర్చుకున్న కమెడియన్‌కు ఆ ఒక్కరి మౌనం కూడా వినబడాలి. యాస మన దగ్గరున్న సంపద. శ్రీకాకుళం అమ్మాయి శ్రీకాకుళం యాసలో తన ఊరి పెత్తందారును ఎగతాళి చేసే రోజు కోసం నేను ఎదురుచూస్తున్నాను.

బూతుల సంగతి కూడా చెప్పాలి. చాలా స్పెషల్స్ నిండా అవే ఉంటాయని పెద్దవాళ్లు నొచ్చుకుంటారు. ఆ నొప్పిని నేను తీసిపారేయను. 1972లో అమెరికన్ కమెడియన్ జార్జ్ కార్లిన్‌ను టీవీలో వాడకూడని మాటల మీద చేసిన జోకుల కోసం మిల్వాకీలో అరెస్టు చేశారు. ఆయన ఆ మాటలను ఊరికే వాడలేదు, పరీక్షకు పెట్టాడు. ప్రయర్ అయితే నల్లవాళ్లను కించపరిచే ఒక పదాన్ని ఏళ్లపాటు వాడాడు. 1979లో ఆఫ్రికా వెళ్లి వచ్చాక దాన్ని మానేశాడు. ఎందుకు మానేశాడో 1982లో వచ్చిన సినిమాలో వేదిక మీదే చెప్పాడు. ఆ ఘట్టం వినేటప్పుడు హాలు నవ్వడం ఆపి వింటుంది. కొత్తవాళ్లకు నా సలహా ఒకటే. మొదట్లో బూతును పక్కన పెట్టండి. దానితో వచ్చే నవ్వు తేలిగ్గా వస్తుంది గనుక, మిగతా జోకు పని చేసిందో లేదో మీకు తెలియకుండా పోతుంది.

చివరగా హానా గాడ్స్‌బీ. ఆస్ట్రేలియాలోని టాస్మేనియా నుంచి వచ్చిన కమెడియన్. 2018లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘నానెట్’లో జోకు ఎలా పనిచేస్తుందో విప్పి చూపించారు. కమెడియన్ ముందు హాలులో బిగువు పుట్టిస్తాడు, తర్వాత తానే దాన్ని సడలిస్తాడు. అంతే జోకు. మొదట్లో నవ్వించి వదిలేసిన ఒక సంఘటన దగ్గరికి ఆ తర్వాత మళ్లీ వెళ్లి, అసలు జరిగిందేమిటో చెబుతారు. ఈసారి బిగువు సడలించరు. హాలును అలాగే ఉంచేస్తారు. ఇది స్టాండప్పే కాదని కొందరు అన్నారు. నేను ఒప్పుకోను. నవ్వును ఎప్పుడు ఆపాలో తెలిసినవాళ్లకే నవ్వించడం పూర్తిగా తెలుసు. అయితే నేర్చుకునేవాళ్లు దీన్ని మొదట చూడొద్దు. ముందు ప్రయర్‌ను, రాక్‌ను, మీ భాషలో మాట్లాడేవాళ్లను చూసి, ఆ తర్వాత దీని దగ్గరికి రండి.

ఇక మీతో ఒక మనవి. వేదిక ఎక్కాలని ఏ కోరికా లేని శ్రోతలతోనే నేను ఇది చెప్పుకోవాలి. స్పెషల్స్ ఎన్ని చూసినా, ఎన్ని గీతలు గీసుకున్నా, హాలు లేకుండా ఎవరూ కమెడియన్ కాలేదు. ఆ హాలు మీరు. హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని లామకాన్ లాంటి చోట్ల కొత్తవాళ్లు మైకు పట్టుకుంటున్నారు. మీ ఊళ్లో ఏ కేఫ్‌లోనో, గ్రంథాలయంలోనో, కాలేజీ హాలులోనో అలాంటి సాయంత్రం ఉందేమో కనుక్కోండి. లేకపోతే పది కుర్చీలు వేసి మీరే మొదలుపెట్టవచ్చు. వెళ్లినప్పుడు వెనక వరుసలో కాదు, ముందు వరుసలో కూర్చోండి. నవ్వొస్తే దాచుకోకుండా నవ్వండి. రాకపోతే మర్యాదకు నవ్వొద్దు, కానీ లేచి వెళ్లిపోకండి, పక్కవాళ్లతో మాట్లాడకండి. తడబడుతున్న పిల్లను ఫోనులో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. ఆమె మళ్లీ వచ్చేవారం అదే మాటను ఇంకోలా చెప్పి చూడాలి. అప్పుడు కూడా మీరు ముందు వరుసలో ఉండండి.